సత్యభామ పాత్ర ఆహార్య రూపకల్పన: పాఠాధార పరిశీలన

తెలుగు నాటక, నృత్యరూపకాల విమర్శలో వాచికానికీ సాత్త్వికానికీ దక్కిన చర్చ ఆహార్యానికి దక్కలేదు. పాత్ర ఏం మాట్లాడింది, ఎలా నడిచింది, ఏ రసాన్ని పోషించింది అన్న ప్రశ్నలకు విమర్శకులు విస్తారంగా సమాధానాలు రాశారు. పాత్ర ఏం ధరించింది అన్న ప్రశ్న మాత్రం వేషధారికో, నగలు చేసేవారికో, రంగులు పూసేవారికో వదిలివేసిన విషయంగా మిగిలింది. భరతుడి దృష్టి ఇది కాదు. చతుర్విధాభినయాలలో ఆహార్యాన్ని ఒకటిగా లెక్కించడంతో ఆగక, నాట్యప్రయోగమంతా దానిమీదే నిలిచి ఉందని చెప్పి, నాట్యశాస్త్రంలో ఒక పూర్తి అధ్యాయాన్ని దానికి కేటాయించాడు.

ఒక పాత్రకు ఆహార్యాన్ని పరిశోధించి రూపొందించేటప్పుడు సాధారణంగా మూడు ప్రశ్నలు ముందుకు వస్తాయి. ఆ పాత్ర ఏ కాలానిది? ఏ ప్రాంతానిది? ఏ అంతస్తుకు చెందినది? ఈ మూడూ అవసరమే. అయితే ఇవి పాత్ర చిత్తరువును ఇస్తాయి, పాత్ర వర్తనను ఇవ్వవు. ధరించినది కథలో ఏం చేస్తుంది అన్న నాలుగో ప్రశ్న పాఠం నుంచి పుట్టాలి. సత్యభామ పాత్రను ఈ నాలుగో ప్రశ్నతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నంది తిమ్మన పారిజాతాపహరణం, కూచిపూడి భామాకలాపం, ముత్తరాజు సుబ్బారావు శ్రీకృష్ణ తులాభారం అనే మూడు పాఠాలనూ కలిపి చదివితే ఒక విశేషం తేటపడుతుంది. సత్యభామ అలంకారప్రియ అన్నది లోకప్రసిద్ధం. కానీ ఈ మూడు పాఠాలలోనూ ఆమె కథను ముందుకు నడిపేది నగ పెట్టుకున్నప్పుడు కాదు. నగ ఒంటిమీది నుంచి తొలగినప్పుడు, లేదా తొలగుతుందేమోనన్న స్థితి ఏర్పడినప్పుడు. కాబట్టి ఆమె ఆహార్యాన్ని రూపొందించేవారు ఏం పెట్టాలన్న దానితో పాటు, ఏది ఎప్పుడు ఎలా తీయగలగాలన్నదీ ఆలోచించవలసి ఉంటుంది.

శాస్త్ర భూమిక

నాట్యశాస్త్రం నేపథ్య విధానాన్ని పుస్తం, అలంకారం, అంగరచన, సజీవం అని నాలుగుగా విభజించింది. వీటిలో అలంకారం కింద చెప్పిన ఆభరణ విభాగం ఈ చర్చకు ప్రధానం. ఆవేధ్యం, బంధనీయం, ప్రక్షేప్యం, ఆరోప్యం అని భరతుడు ఆభరణాలను నాలుగు రకాలు చేశాడు. ఒంటికి పొడిచి పెట్టుకునేది ఆవేధ్యం, కట్టుకునేది బంధనీయం, తొడుక్కునేది ప్రక్షేప్యం, పైన వేసుకునేది ఆరోప్యం. ఈ విభాగంలో బంగారమా రత్నమా అన్న విచారణ లేదు, వెల ప్రసక్తి లేదు. నగ దేహాన్ని ఏ చేష్టతో అంటుకుంటుంది అన్నదే ఇక్కడి ప్రమాణం. అంటే ఆభరణాన్ని వస్తువుగా కాక క్రియగా చూసిన వర్గీకరణ ఇది.

ఈ వర్గీకరణను తలకిందులు చేసి చదివితే తొలగింపు క్రమం తెలుస్తుంది. హారాల వంటి ఆరోప్యాలను ఒక్క చేతి విసురుతో తీసివేయవచ్చు. అందెలను వంగి ఊడదీయాలి. ఒడ్డాణం, వంకీల వంటి బంధనీయాలకు ముడి విప్పాలి, కొక్కెం తీయాలి. ఆవేధ్యం అన్నిటికంటే కష్టం. దాన్ని శరీరంలోంచి బయటికి తీయాలి. కోపం, తటపటాయింపు, లొంగుబాటు అనే భావాలకు ఈ నాలుగు చేష్టలూ నాలుగు వేర్వేరు కాలవ్యవధులను కల్పిస్తాయి. నటికి గాని నటుడికి గాని ఇవి అభినయ స్థానాలు.

భరతుడు చెప్పిన మరొక నియమం కూడా ఇక్కడ స్మరణీయం. రంగస్థలం మీద బరువైన నగలు కూడవు, అవి నటులకు ఆయాసాన్నీ మూర్ఛనూ కలిగిస్తాయి, లక్క నింపి పలుచని రేకుతో చేసిన తేలిక నగలు వాడాలి అని ఆయన విధించాడు. తేలికైన కొయ్యతో చెక్కి, పైన రంగూ తళుకూ అద్ది కూచిపూడి భాగవతులు ధరించిన భుజకీర్తులు, కిరీటాలు ఈ నియమానికి తెలుగునాట ఏర్పడిన ఆచరణ రూపాలు. దివిటీల వెలుగులో, ప్రవేశ సమయంలో గుగ్గిలం చల్లినప్పుడు ఎగసే మంటలో, అర్దళం పూసిన ముఖం పక్కన ఆ తళుకులు మెరిసేవి. విద్యుద్దీపాల కింద అదే సామగ్రి మోటుగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఆహార్యం దానిమీద పడే వెలుగుతో కలిసి పుట్టినదని గుర్తిస్తే, పాత నగను కొత్త రంగస్థలం మీద యథాతథంగా నిలపడమే ప్రామాణికత అనుకోవడంలోని పొరపాటు బోధపడుతుంది.

పారిజాతాపహరణం: త్యజించిన అలంకారం

పదహారో శతాబ్ది తొలి భాగంలో శ్రీకృష్ణదేవరాయల ఆస్థానంలో వెలువడిన పారిజాతాపహరణం శ్రవ్యకావ్యం. అయినా అందులో సత్యభామ కోపాన్ని తిమ్మన ఆహార్యం ద్వారానే దృశ్యమానం చేశాడు. నారదుడు తెచ్చిన పారిజాతాన్ని కృష్ణుడు రుక్మిణికి ఇచ్చాడన్న వార్త చెలికత్తె నోట విన్న సత్య నగలు వదిలివేస్తుంది. మాసిన చీర కట్టుకుంటుంది. నుదుటికి గుడ్డ బిగించుకుని, మాట మాని, కోపగృహం చేరుతుంది. కృష్ణుడు వచ్చేసరికి అతడికి మొదట కనిపించేది ఈ వేషమే. ఆమె ఒక్క మాటయినా పలకకముందే ఆమె కోపం ఎంతటిదో అతడికి అర్థమవుతుంది.

ఇక్కడ రెండు అంశాలు గమనించదగినవి. మొదటిది, నగలు తీసివేసిన స్త్రీ బలహీనురాలిగా కనిపించాలన్న సామాన్య భావనను కవి తిరగవేశాడు. పాదాలకు మొక్కిన కృష్ణుడి శిరస్సును ఎడమకాలితో తన్నే సత్యభామ ఒంటిమీద ఆ క్షణంలో నగలు లేవు. ఆమె అధికారం ఆభరణాలలో లేదని ఆభరణాలు లేని దృశ్యమే చెబుతున్నది. రెండవది, ఈ ఘట్టాన్ని రంగస్థలానికి తెచ్చేవారు సర్వాలంకారభూషితగా సత్యభామను నిలిపి కోపాన్ని కనుబొమలతో మాత్రమే చూపిస్తే, కవి ఇచ్చిన ప్రధాన సూచన జారిపోతుంది. ఆ నిండు వేషంలో తన్నడం చనువుతో కూడిన చిలిపితనంగా తేలిపోతుంది. నిరాభరణ స్థితిలో అదే చేష్టకు గాయపడిన ఆత్మగౌరవపు తీవ్రత వస్తుంది.

భామాకలాపం: పణమైన జడ, అడిగిన ముక్కెర

సంప్రదాయం సిద్ధేంద్రయోగికి ఆపాదించే భామాకలాపంలో సత్యభామ మొదటిసారి కనిపించేటప్పుడు ఆమె ముఖం కనిపించదు. ఇద్దరు పట్టుకున్న తెర మీదుగా జడ మాత్రం బయటికి వస్తుంది. శాస్త్రంలో గాని నాట్యంలో గాని తనను ఓడించగలవారు సభలో ఉంటే ఈ జడ కోయించుకుంటానన్న సవాలు ఆ చేష్ట వెనుక ఉన్నదని కూచిపూడి పరంపర చెబుతుంది. అటుపైన ప్రవేశ దరువుతో పాత్ర తనను తాను పరిచయం చేసుకుంటుంది.

ఈ జడ మీద ఇంతవరకు వచ్చిన వ్యాఖ్యానం ఎక్కువగా ప్రతీకార్థం చుట్టూ తిరిగింది. నాగరం ఆదిశేషుడనీ, తలమీది బిళ్లలు సూర్యచంద్రులనీ, జడమీది తక్కిన అలంకారాలు నక్షత్రాలనీ, మొత్తం జడ విశ్వానికి సంకేతమనీ వివరించడం పరిపాటి. ఈ వివరణ జడ వైభవాన్ని పెంచుతుంది గాని, దాన్ని నిశ్చలం చేస్తుంది. విశ్వానికి సంకేతమైన జడను ఎవరూ కోయలేరు. పందెంలో పెట్టిన జడను కోయవచ్చు. ఓడిపోయే అవకాశం ఉన్నప్పుడే సవాలుకు విలువ. పైగా ఆ సవాలు కథలోని సత్యభామదీ అవుతుంది, ఆమెను ధరించిన నటుడిదీ అవుతుంది. గర్వం పాత్ర లక్షణంగా స్థిరపడకముందే నటుడి విద్యకు హామీగా సభ ముందుకు వస్తుంది. ఆహార్యంలోని ఒక అంగం పాత్రకూ పాత్రధారికీ మధ్య ఇంత బలమైన ముడిగా నిలిచిన సందర్భాలు అరుదు.

శాస్త్రంతో పోల్చినప్పుడు జడ మరొక అర్థాన్నీ ఇస్తుంది. భర్తృవియోగంలో ఉన్న స్త్రీకి నాట్యశాస్త్రం తెల్లని వస్త్రాన్నీ, నగలు తగ్గించడాన్నీ, ఏకవేణినీ విధించింది. అంటే శాస్త్రదృష్టిలో అలంకరణ లేని ఒంటిజడ విరహచిహ్నం. భామాకలాపంలో నిండా నగలతో కూర్చిన ఒంటిజడ స్వాధీనపతిక గర్వచిహ్నం. కలాపం సాగేకొద్దీ ఆ గర్విత విరహిణి అవుతుంది. జడ మాత్రం మారదు. ప్రవేశంలో విసురుగా ముందుకు వచ్చిన జడే విరహంలో భుజం మీదుగా చేతిలోకి వచ్చి ఆసరా అవుతుంది. అష్టవిధ నాయికావస్థలను ఒకే పాత్రలో చూపవచ్చునని ప్రసిద్ధి పొందిన కలాపంలో వేషం మార్చకుండా అవస్థలు మార్చే ఉపాయం ఇది. జడ బరువు, పొడవు, అది వంగే తీరు ఈ ఉపాయానికి అనుకూలించాలి. సవరం మీద నగలను గట్టిగా బిగించి కర్రలా నిలిపిన జడ మొదటి పని చేయగలదు గాని రెండవ పని చేయలేదు.

ఇక ముక్కెర ఘట్టం. కృష్ణుడికి లేఖ అందించి అతడిని తీసుకురమ్మని సత్యభామ మాధవిని వేడుకుంటుంది. ఆ పనికి ప్రతిఫలంగా మాధవి అడిగేది ఆమె ముక్కున ఉన్న నగ. ఈ ఘట్టాన్ని హాస్యంగా నడపడం వాడుక, హాస్యం అందులో ఉన్నది కూడా. కానీ భరతుడి విభాగంతో చూస్తే ఆ కోరికలోని గడుసుదనం తెలుస్తుంది. తీయడానికి సులువైన హారం కాదు, శరీరంలోకి దిగిన ఆవేధ్యం ఆమె అడిగినది. తెలుగు సమాజంలో ముక్కునగ సౌభాగ్యచిహ్నం. భర్తను రప్పించడానికి భర్త ఉన్నాడనడానికి గుర్తయిన నగనే ఇవ్వవలసి రావడం సత్యభామకు ఎదురైన చిక్కు. తటపటాయింపు అక్కడి నుంచే పుడుతుంది.

మాధవి ఆహార్యం కూడా ఈ ఘట్టానికి అవసరమైన ఎదురుపక్షం. సూత్రధారుడే సత్యభామ దగ్గర మాధవి, కృష్ణుడి దగ్గర మాధవుడు. వేషం పెద్దగా మార్చకుండానే మాటతో, నిలుచునే తీరుతో అతడు స్త్రీపురుష పాత్రల మధ్య తిరుగుతాడు. ఒకవైపు నగ ఒక్కటి తీస్తే లోకం తలకిందులవుతుందనుకునే పాత్ర, మరొకవైపు ఏ నగా లేకుండా ఎవరైనా కాగలిగిన పాత్ర. భామాకలాపం ఆహార్యం ఈ ఇద్దరి నడుమ వ్యత్యాసం మీద నిలిచినది. మాధవికి కూడా పూర్తి స్త్రీవేషం వేసి అందంగా అలంకరిస్తే ఈ వ్యత్యాసం చెరిగిపోతుంది.

ముక్కెర ద్వారా చారిత్రక ప్రామాణికత అనే ప్రశ్నకూ సమాధానం దొరుకుతుంది. ప్రాచీన శిల్పాలలో, ప్రాచీన సంస్కృత వాఙ్మయంలో ముక్కునగ ప్రస్తావన కనిపించదని పి.కె. గోడే తన పరిశోధనలో నిరూపించారు. ఆ లెక్కన ద్వాపరయుగ సత్యభామకు ముక్కెర కాలవిరుద్ధం. కానీ ఆ కారణంతో దాన్ని తొలగిస్తే కలాపంలో ఒక ఘట్టమే కూలుతుంది. పాఠం సృష్టించిన సత్యభామ తెలుగు గృహిణి. ఆమె కాలం పురాణకాలం కాదు, ఆ పాఠం ఆడిన సభల కాలం. పురావస్తు సాక్ష్యానికీ పాఠానికీ పొత్తు కుదరని చోట ఆహార్య పరిశోధకుడికి పాఠమే ప్రమాణం కావాలి.

తులాభారం: తూచిన నగ

శ్రీకృష్ణ తులాభారంలో తొలగింపు పరాకాష్ఠకు చేరుతుంది. నారదుడికి దానమిచ్చిన భర్తను ధనంతో తూచి తిరిగి పొందాలనుకున్న సత్యభామ తన సంపదనంతా త్రాసులో వేస్తుంది. భండారం చాలక ఒంటిమీది నగలు కూడా తీసి వేస్తుంది. చివరకు రుక్మిణి వేసిన తులసీదళానికి త్రాసు మొగ్గుతుంది. పారిజాతంలో కోపంతో విసర్జించిన నగ, కలాపంలో బేరానికి వచ్చిన నగ, ఇక్కడ బరువుగా మారింది. సభ చూస్తుండగా అలంకారం అర్థాన్ని కోల్పోయి లోహంగా మిగలడమే ఈ నాటకంలోని గర్వభంగం.

ఈ పాత్రను తెలుగు రంగస్థలం మీద చిరస్మరణీయం చేసిన స్థానం నరసింహారావు (1902–1971) ఆహార్యాన్ని అభినయంలో భాగంగా భావించిన నటుడు. తెనాలి శ్రీరామ విలాస సభ నాటకాలలో సత్యభామ, చింతామణి, మధురవాణి, రోషనార వంటి పరస్పర భిన్నమైన స్త్రీపాత్రలు ధరించి, ఏ పాత్ర కట్టు ఆ పాత్రదిగా నిలపడంలో ప్రసిద్ధి పొందారు. 1956లో పద్మశ్రీ అందుకున్న ఆయన స్వీయచరిత్ర నటస్థానం పేరుతో వెలువడింది. వేశ్య చీరకట్టుకూ రాణి చీరకట్టుకూ భేదం బట్ట వెలలో లేదు, పమిట నిలిచే చోటులో, కుచ్చెళ్లు నడకకు ఇచ్చే వీలులో ఉంటుంది. కట్టులో ఉండే ఈ వీలే నగల విషయంలోనూ అవసరం. తులాభారంలో నగలు తీసే దృశ్యం రక్తి కట్టాలంటే అవి తీయగలిగినవై ఉండాలి. తీసే వరుసలో తొలి నగలు ధీమాతో వడిగా, చివరి నగలు సంకోచంతో మెల్లగా రావాలి. 1966లో వచ్చిన శ్రీకృష్ణ తులాభారం చిత్రంలో జమున ధరించిన సత్యభామ ద్వారా ఈ ఘట్టం నాటకం చూడని తరాలకూ పరిచయమైంది.

మూడు దేహాలు, ఒక వేషం

ఆహార్యం దేహాన్ని బట్టి అర్థం మార్చుకుంటుంది. సత్యభామ వేషాన్ని ఇంతవరకు ప్రధానంగా మూడు విధాల దేహాలు ధరించాయి. మొదటిది కూచిపూడి భాగవతుల పురుషదేహం. సత్యభామగా దేశఖ్యాతి గడించిన వేదాంతం సత్యనారాయణ శర్మ (మరణం 2012) ఈ పరంపరకు శిఖరం. ఇక్కడ జడా ముక్కెరా రెండూ కల్పితాలే. జడ సవరం, ముక్కెర ముక్కుకు నొక్కిపెట్టినది. అందువల్ల తీయడంలోని కష్టాన్ని నగ ఇవ్వదు, నటుడే అభినయంతో కల్పించాలి. స్త్రీవేషాన్ని కూచిపూడి బ్రాహ్మణ పురుషత్వంతో ముడిపెట్టి 2019లో వెలువడిన గ్రంథంలో హర్షిత మృత్తింటి కామత్ చేసిన చర్చ ఈ అంశానికి సామాజిక పార్శ్వాన్ని జోడించింది.

రెండవది గోదావరి మండలాల కళావంతుల స్త్రీదేహం. భామాకలాపం వారి మేళాలలోనూ ఉండేది. పిఠాపురం కుంతీమాధవస్వామి ఆలయానికి చెందిన నవజనార్దన పారిజాతం తొమ్మిది రాత్రుల ప్రదర్శనగా పేరు పొందింది. దేవుడికి అంకితమై నిత్యసుమంగళిగా పరిగణన పొందిన స్త్రీ ధరించినప్పుడు సౌభాగ్యచిహ్నమైన ముక్కెరను మాధవి అడగడంలో అర్థం వేరు. భర్త అనే లౌకిక ఆధారం లేకుండానే సౌభాగ్యం కలిగిన స్త్రీ, ఆ సౌభాగ్యచిహ్నాన్ని ఇవ్వడానికి సంకోచించే పాత్రను ధరిస్తున్నది. 1947 మద్రాసు చట్టం దేవదాసీ అంకితాన్ని నిషేధించిన తరువాత ఈ మేళాలు కనుమరుగైన కొద్దీ వారి వేషసంప్రదాయం విద్వచ్చర్చ అంచులకు చేరింది. కోనసీమ కళావంతుల స్మృతులను దవేశ్ సోనెజీ నమోదు చేసిన తరువాత ఆ సంప్రదాయాన్ని కూచిపూడికి అనుబంధంగా మాత్రమే చూడడం సాధ్యం కాదు. సత్యభామ అసలు ఆహార్యం అన్న మాట వాడేటప్పుడు ఒక్క పురుష పరంపరనే ప్రమాణంగా తీసుకుంటే సాక్ష్యంలో సగం విడిచిపెట్టినట్లే.

మూడవది ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధంలో రంగానికి వచ్చిన విద్యార్థినుల దేహం. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ ద్వారా, ఇతర గురువుల శిక్షణాలయాల ద్వారా కూచిపూడి దేశవిదేశాల రంగస్థలాలకు చేరింది. ఈ క్రమంలో ముందే కుట్టి సిద్ధం చేసిన పట్టు ఆహార్యం, ఒకే తరహా తలసామాను, జడ, ఒడ్డాణం నర్తకి వేషంగా స్థిరపడ్డాయి. దీనివల్ల కలిగిన ప్రయోజనం స్పష్టం. వేగమైన జతులలో నగ ఊడదు, చీర జారదు, చూపరి దృష్టి చెదరదు. స్త్రీలకు నిషిద్ధంగా ఉన్న రంగం వారిదయింది. ఈ లాభాన్ని తక్కువ చేయవలసిన పని లేదు.

నష్టం వేరే చోట ఉంది. జడ ఇప్పుడు ప్రతి నర్తకికీ ఉంది. కీర్తన చేసే నర్తకీ, తరంగం చేసే నర్తకీ, దేవీస్తుతి చేసే నర్తకీ దాదాపు ఆ జడతోనే రంగం మీదికి వస్తారు. పాత్ర చిహ్నం శైలి చిహ్నమైంది. అందరికీ ఉన్న జడను సత్యభామ పందెం ఒడ్డితే ఆ పందెం వినిపించదు. అలాగే సూదులతో గుచ్చి, దారాలతో కట్టి, జిగురుతో అతికించిన నగలు రంగం మీద తీయడానికి వీలుకానివి. అందువల్ల ముక్కెర ఘట్టం వేలితో ముక్కును తాకే ముద్రగా, నిరాభరణ కోపం ముఖవికారంగా కుదించుకుపోయాయి. తొలగింపు చుట్టూ అల్లిన పాత్రకు తొలగని వేషం అమరింది.

దీనికి పరిష్కారం పాత కొయ్యనగలకు మరలడం కాదు. అన్ని నగలూ వదులుగా ఉండనవసరమూ లేదు. సత్యభామ పాత్రకు పాఠం కోరే స్థానాలు పరిమితం. కలాపంలో వంగే జడ ఒకటి, చేతికి రాగల ముక్కెర ఒకటి; పారిజాత ఘట్టంలో ఒక్క పట్టున జారే ఆరోప్యాలు, మాసిన వన్నె చీర; తులాభారంలో వరుస తప్పకుండా ఊడే నాలుగైదు నగలు. తక్కినవి ఎంత బిగువుగా ఉన్నా నష్టం లేదు. నృత్తభాగానికీ అభినయభాగానికీ నడుమ ఉన్న విరామాలను వేషధారణ దృష్టితో చూస్తే ఈ అమరిక అసాధ్యమూ కాదు.

ముగింపు

ఈ పరిశీలన తెలుగు శాఖల పరిశోధనకు సంబంధించిన ఒక అంశాన్ని ముందుకు తెస్తున్నది. భామాకలాపానికి అనేక ప్రతులు ఉన్నాయి. వాటిని పరిష్కరించేటప్పుడు దరువుల పాఠభేదాలు, రాగతాళాలు, కర్తృత్వం చర్చకు వస్తాయి. వేషానికి సంబంధించిన సూచనలు, పాటలోనే ఇమిడి ఉన్న నగల పేర్లు, వాటిని తాకే, తీసే, ఇచ్చే సందర్భాలు కూడా పాఠభేదాలుగానే నమోదు కావాలి. ఒక ప్రతిలో మాధవి ఏ నగ అడిగింది, ఏ వరుసలో అడిగింది అన్నది పాత్రస్వభావానికి సంబంధించిన సమాచారం. అదే విధంగా పాత వేషధారుల, కళావంతుల కుటుంబాల నగలపెట్టెలు, ఛాయాచిత్రాలు, జ్ఞాపకాలు సేకరించేటప్పుడు నగ ఎలా ఉండేది అన్న ప్రశ్నతో పాటు ఏ కొక్కెంతో నిలిచేది, ఎవరు పెట్టేవారు, రంగం మీద ఎప్పుడు తీసేవారు అన్న ప్రశ్నలూ అడగాలి. ఛాయాచిత్రం మొదటి ప్రశ్నకు జవాబు చెప్పగలదు. తక్కిన ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవారు తరిగిపోతున్నారు. ఆ జవాబులు లేకుండా తయారయ్యే సత్యభామ వేషం ఎంత శోభాయమానమైనా పాఠంలోని సత్యభామకు సరిపోదు.